అమెరికా అధ్యక్షుడి సుంకాల అధికారం ఎంతవరకు? ఫిబ్రవరి 20 తీర్పు తర్వాత మన సరుకు మీద ఏం మిగిలింది?

అంబత్తూరు_షాఫ్ట్ (ఫిబ్రవరి 26, 2026)

అందరికీ నమస్కారం. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో స్టీలు పంపు షాఫ్టులు, వాల్వు భాగాలు మెషినింగ్ చేసే యూనిట్ మాది. సగానికి పైగా సరుకు అమెరికాకే వెళ్తుంది. ఎక్కువ ఆర్డర్లు ఎఫ్‌ఓబీ చెన్నై, అంటే చెన్నైలో ఓడ ఎక్కించేదాకే మా బాధ్యత. ఒక్క బయ్యర్‌కు మాత్రం డీడీపీ, అంటే అక్కడి డ్యూటీ కూడా మేమే కట్టి గోడౌన్‌కి చేర్చాలి.

2025లో ట్రంప్ దేశాలవారీగా వేసిన సుంకాలు చెల్లవని వాళ్ల సుప్రీంకోర్టు 20వ తేదీన తీర్పిచ్చింది. 24 నుంచి మళ్లీ 10 శాతం మొదలైంది. కోర్టు కొట్టేశాక నాలుగో రోజే ఇంకో సుంకం ఎలా వేయగలిగారు? అధ్యక్షుడికి అసలు హద్దు అంటూ ఏదైనా ఉందా? స్టీలు మీద ఉన్న 50 శాతం ఊసే తీర్పులో లేదని బయ్యర్లు అంటున్నారు, నిజమేనా? గత సెప్టెంబర్ నుంచి మేం రేటు తగ్గించి ఇస్తున్నాం. ఇప్పుడు వాళ్లకు రీఫండ్ వస్తే అందులో మాకు వాటా అడిగే హక్కు ఉంటుందా? పేపర్లో చదివిన మాటలు కాకుండా, చట్టం తెలిసినవాళ్లు, కాగితాలు చూసేవాళ్లు చెబితే మేలు.

ట్రేడ్‌లా_అడయార్

అమెరికా రాజ్యాంగం ఒకటో అధికరణం 8వ సెక్షన్ ప్రకారం పన్నులు, సుంకాలు వేయడం, విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించడం రెండూ కాంగ్రెస్ పనులు. అధ్యక్షుడికి సొంతంగా ఒక్క సెంటు సుంకం వేసే అధికారం లేదు. ఆయన చేతిలో ఉన్నదంతా కాంగ్రెస్ ఒక్కో కాలంలో ఒక్కో చట్టం ద్వారా అప్పగించినదే. ఊళ్లో ఇల్లు చూసుకోమని ఒకరికి జీపీఏ రాసిస్తాం చూడండి, అలాంటిదే. అద్దె వసూలు చేయొచ్చు, రిపేర్లు చేయించొచ్చు. అమ్మాలంటే ఆ మాట పత్రంలో ఉండి తీరాలి.

2025లో వేసిన దేశాలవారీ సుంకాలన్నీ 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం మీద నిలబడ్డాయి. దీన్ని ఐఈఈపీఏ అంటారు. జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించాక ఆస్తులు స్తంభింపజేయొచ్చు, లావాదేవీలు ఆపొచ్చు, దిగుమతులను నియంత్రించొచ్చు అని అందులో ఉంది. నియంత్రించడం అంటే సుంకం వేయడం కూడా అని ప్రభుత్వం వాదించింది. అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం 2025 మేలో ఈ వాదనను తోసిపుచ్చింది. ఆగస్టు 29న ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 7–4తో ప్రభుత్వానికి వ్యతిరేకంగానే చెప్పింది. ఇప్పుడు సుప్రీంకోర్టు 6–3తో దాన్ని ఖాయం చేసింది. ప్రధాన తీర్పు రాసింది చీఫ్ జస్టిస్ రాబర్ట్స్. చట్టంలో అన్ని క్రియలు వరసగా రాసిన కాంగ్రెస్ సుంకం అనే మాట ఎక్కడా రాయలేదు. సుంకం వేసే అధికారం నిజంగా ఇవ్వాలనుకున్న చోట్ల దాన్ని పేరు పెట్టి చెప్పి, హద్దులు కూడా గీసింది. పైగా దాదాపు యాభై ఏళ్లలో ఏ అధ్యక్షుడూ ఈ చట్టాన్ని సుంకాలకు వాడలేదు. తీర్పు సారం ఇంతే.

పత్రికల్లో పెద్దగా రాని ఒక సంగతి ఉంది. ఇంత పెద్ద ఆర్థిక నిర్ణయానికి కాంగ్రెస్ స్పష్టమైన అనుమతి కావాలనే సిద్ధాంతాన్ని రాబర్ట్స్‌తో పాటు గోర్సచ్, బారెట్ మాత్రమే ఒప్పుకున్నారు. కేగన్, సోటోమయోర్, జాక్సన్‌ల దృష్టిలో మామూలుగా చట్టం చదివితేనే జవాబు దొరుకుతుంది, ఆ సిద్ధాంతం అక్కర్లేదు. అంటే ఫలితానికి ఆరు ఓట్లు ఉన్నాయి, ఆ సిద్ధాంతానికి మూడే. కాబట్టి ఈ తీర్పు పట్టుకుని మిగతా సుంకాల చట్టాలన్నిటినీ కూలగొట్టొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. థామస్, అలిటో, కావనా అసమ్మతి తెలిపారు.

24 నుంచి వచ్చిన 10 శాతం వేరే చట్టం కింద వచ్చింది. అది 1974 వాణిజ్య చట్టం 122వ సెక్షన్. దీని పుట్టుక తెలిస్తే హద్దు ఎందుకుందో అర్థమవుతుంది. 1971 ఆగస్టులో నిక్సన్ సుంకం పడే దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేసి, డిసెంబర్‌లో ఎత్తేశారు. దాని మీద కేసులు నడుస్తుండగానే కాంగ్రెస్ 1974లో ఈ సెక్షన్ తెచ్చింది. చెల్లింపుల సమతుల్యతలో (దేశంలోకి వచ్చే, బయటికి పోయే మొత్తం డబ్బు లెక్కలో) పెద్ద, తీవ్రమైన లోటు ఉంటే 15 శాతం దాటకుండా, 150 రోజులు మించకుండా వేసుకోవచ్చు. ఆ తర్వాత కొనసాగాలంటే కాంగ్రెస్ కొత్త చట్టం చేయాలి. ఫిబ్రవరి 24 నుంచి లెక్కేస్తే గడువు జూలై 24 దగ్గర పడుతుంది. ఇంతకుముందు ఈ సెక్షన్‌ను ఎవరూ వాడలేదు.

దీనికీ సవాలు వస్తుందనే నా అభిప్రాయం. వాణిజ్య లోటు వేరు, చెల్లింపుల సమతుల్యత లోటు వేరు. ఐఈఈపీఏ కేసులో ప్రభుత్వ న్యాయవాదులే ఈ తేడా ఎత్తిచూపి, 122 ఇక్కడ నేరుగా వర్తించదని రాసిచ్చారు. ఆ కాగితాలు ఇప్పుడు ఎదుటిపక్షం చేతిలో ఉన్నాయి. అయితే 150 రోజుల్లో ఒక కేసు చివరిదాకా తేలడం చాలా కష్టం. కాబట్టి జూలై వరకు ఈ 10 శాతం ఉంటుందనే లెక్కతోనే మీ రేట్లు వేసుకోండి. 15కు పెంచినా చట్టం ఒప్పుకుంటుంది, 16కు ఒప్పుకోదు.

ప్యారీస్_సీహెచ్‌ఏ

పైన సార్ చెప్పిన చట్టాలన్నీ కస్టమ్స్ కాగితం మీద ఎక్కడ కనిపిస్తాయో చెబుతాను. అమెరికాలో సరుకు దిగాక దిగుమతిదారు వేసే ఎంట్రీ సమ్మరీ ఫారం నంబర్ 7501. అందులో ప్రతి లైన్‌లోనూ మామూలు హెచ్‌టీఎస్ కోడ్‌తో (అమెరికా సుంకాల పట్టికలో సరుకు నంబర్) పాటు 99వ అధ్యాయం కోడ్ ఒకటో రెండో ఉంటాయి. ఏ చట్టం కింద డ్యూటీ వసూలైందో ఆ కోడే చెబుతుంది. ఉదాహరణకు 9903.01.25 అంటే అన్ని దేశాలకూ వేసిన 10 శాతం, 9903.01.84 అంటే రష్యా చమురు పేరిట మన దేశం మీద వేసిన అదనపు 25. ఈ రెండూ ఐఈఈపీఏవి. స్టీలు, అల్యూమినియం, ఆటో విడిభాగాల కోడ్‌లు వేరే. ఆ కాపీ తెప్పించుకోకుండా రీఫండ్ గురించి, డిస్కౌంట్ గురించి బయ్యర్‌తో మాట్లాడితే గాల్లో మాట్లాడినట్టే.

షాఫ్ట్ గారూ, మీ సరుకు స్టీలు డెరివేటివ్ (స్టీలుతో చేసిన వస్తువుల) జాబితాలో ఉందనుకుని ఒక లెక్క వేద్దాం. మూల డ్యూటీ పక్కన పెట్టండి. ఇన్వాయిస్ 100 డాలర్లు, అందులో స్టీలు విలువ 40.

2025 ఆగస్టు 27 నుంచి మొన్న ఫిబ్రవరి మొదటి వారం దాకా: స్టీలు 40 మీద 50 శాతం, అంటే 20. మిగిలిన 60 మీద మన దేశానికి వేసిన దేశాలవారీ సుంకం 25 శాతం, రష్యా చమురు పేరిట మళ్లీ 25 శాతం, కలిపి 30 డాలర్లు. మొత్తం 50 డాలర్లు. ఫిబ్రవరి 7న రష్యా చమురు 25 తీసేశారు. 24 నుంచి ఐఈఈపీఏ వసూలు పూర్తిగా ఆగింది. ఇప్పుడు స్టీలు 40 మీద అదే 20, మిగిలిన 60 మీద 122 కింద 10 శాతం, అంటే 6. మొత్తం 26. స్టీలు సుంకం 232వ సెక్షన్ అనే వేరే చట్టం కింద ఉంది, తీర్పు దాన్ని తాకలేదు. 232 పడిన భాగం మీద 122 పడదు.

అంటే వందకు 24 డాలర్ల భారం ఇప్పటికే తగ్గింది. సెప్టెంబర్‌లో 50 చూపించి తీసుకున్న డిస్కౌంట్‌నే బయ్యర్ ఇప్పటికీ అడుగుతుంటే ఈ లెక్క ముందు పెట్టండి.

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది స్టీలు విలువ దగ్గర. మెషినింగ్, హీట్ ట్రీట్‌మెంట్, ప్యాకింగ్, మీ మార్జిన్ స్టీలు విలువలోకి రావు. స్టీలు కొన్నప్పుడు మీరు కట్టిన ధరే స్టీలు విలువ. బార్ కొన్న మిల్లు ఇన్వాయిస్, హీట్ నంబర్ (స్టీలు కరిగించిన బ్యాచ్ నంబర్), ఒక్కో ముక్కకు పట్టిన బరువు (తురుము పోకముందు బరువు) ఈ మూడూ మ్యాచ్ అయ్యేలా ఒక షీట్ చేసి ప్రతి షిప్‌మెంట్‌తో బయ్యర్ బ్రోకర్‌కు పంపండి. ఆ షీట్ అందకపోతే, స్టీలు విలువ తెలియదని మొత్తం 100 మీదా 50 శాతం వేస్తారు. కాగితం లేనందుకే వందకు 24 డాలర్లు అదనంగా పోతాయి. అలాగని 40ని 15గా చూపించమని బయ్యర్ అడిగితే ఒప్పుకోకండి. తప్పుడు విలువ చూపితే అక్కడ 1592 సెక్షన్ కింద పెనాల్టీ పడుతుంది, మీ మిల్లు ఇన్వాయిస్సే దానికి సాక్ష్యం అవుతుంది.

కరిగించి పోత పోసిన దేశం కూడా రాయాలి. ఇక్కడ కొన్న బార్ చైనా బిల్లెట్‌తో రోల్ చేసినదైతే ఇండియా అని రాయకూడదు. మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌లో ఆ వివరం లేకపోతే కొనేటప్పుడే రాయించుకోండి, ఆరు నెలల తర్వాత డీలర్ దగ్గర దొరకదు.

అంబత్తూరు_షాఫ్ట్

ఇద్దరికీ ధన్యవాదాలు. మా షీట్‌లో మెషినింగ్ తర్వాత బరువు వేస్తున్నారు, దాన్ని మార్పిస్తాను. స్టీలు 50 శాతాన్ని కోర్టులో ఎవరూ కొట్టలేరా? దేశ భద్రత పేరుతో పంపు షాఫ్టు మీద సుంకం వేయడం న్యాయంగా అనిపించడం లేదు.

ట్రేడ్‌లా_అడయార్

అనిపించకపోవడం సహజం. కానీ 1962 వాణిజ్య విస్తరణ చట్టం 232వ సెక్షన్‌లో హద్దులన్నీ పద్ధతికి సంబంధించినవే. రేటుకు పైపరిమితి లేదు, కాలపరిమితీ లేదు. వాణిజ్య శాఖ విచారణ జరిపి 270 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దిగుమతులు దేశ భద్రతకు ముప్పని అందులో తేలితే అధ్యక్షుడు 90 రోజుల్లో నిర్ణయం తీసుకుని, మరో 15 రోజుల్లో అమలు చేయాలి. దేశ భద్రత అంటే సైనిక అవసరాలు మాత్రమే కాదు, దేశీయ పరిశ్రమ ఆరోగ్యాన్ని కూడా చూడొచ్చని సెక్షనే చెబుతోంది.

కోర్టు చరిత్ర కూడా దిగుమతిదారులకు అనుకూలంగా లేదు. 1976లో ఆల్గోంక్విన్ కేసులో, చమురు దిగుమతుల మీద లైసెన్స్ ఫీజు ఈ సెక్షన్ కింద చెల్లుతుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. 2018లో స్టీలు మీద 25 శాతం వేసినప్పుడు, శాసనాధికారం పూర్తిగా అధ్యక్షుడికి ధారపోశారని దిగుమతిదారులు వాదించారు. 2020లో ఫెడరల్ సర్క్యూట్ ఆల్గోంక్విన్‌నే చూపించి ఆ వాదన కొట్టేసింది. అదే 2018 ఆగస్టులో టర్కీ స్టీలు మీద రేటును 50 శాతానికి రెట్టింపు చేశారు. గడువులు దాటాక మార్చారన్న అభ్యంతరాన్ని కింది కోర్టు ఒప్పుకున్నా, 2021లో ఫెడరల్ సర్క్యూట్ ఒప్పుకోలేదు. మొదట ప్రకటించిన ప్రణాళికకు కొనసాగింపుగా ఉంటే పెంచుకోవచ్చంది. మేకులు, స్క్రూల వంటి డెరివేటివ్‌ల మీద వేసిన సుంకం విషయంలోనూ 2023లో ఇదే దారిలో చెప్పింది. 2025 మార్చి 12న 25 శాతం, జూన్ 4న 50 శాతం, ఆగస్టు 18న వందల కోడ్‌లు కొత్తగా జాబితాలోకి. ఇవన్నీ ఆ రెండు తీర్పులు వేసిన బాట మీదే నడిచాయి.

232 మీద గెలవాలంటే రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, పాత విచారణకు సంబంధం లేనంత దూరపు సరుకును డెరివేటివ్ పేరుతో చేర్చారని చూపించడం. రెండు, మీ సరుకు ఆ కోడ్ కిందకే రాదని వర్గీకరణ మీద పోరాడటం. రెండోది అధ్యక్షుడి అధికారం మీద కేసు కాదు, మామూలు కస్టమ్స్ కేసు. చిన్న యూనిట్లకు అందుబాటులో ఉన్నది అదే. హెచ్‌టీఎస్ కోడ్ మీద అమెరికా కస్టమ్స్ నుంచి ముందస్తు రూలింగ్ తీసుకోవచ్చు.

తిరుముడివాక్కం_కాస్టింగ్స్

122 గడువు అయ్యాక ఏం రావొచ్చు సార్? ఇంకేమైనా చట్టాలు చేతిలో ఉన్నాయా?

ట్రేడ్‌లా_అడయార్

ఉన్నాయి, కానీ దేనికదే ఇబ్బంది. 301వ సెక్షన్ కింద ఒక దేశపు అన్యాయమైన వాణిజ్య పద్ధతుల మీద విచారణ నడుస్తుంది. నడిపేది వాణిజ్య ప్రతినిధి కార్యాలయం. నోటీసు, సంప్రదింపులు, అభిప్రాయ సేకరణ జరగాలి. మామూలుగా 12 నెలల గడువు, తొందరపడితే ముందే ముగించొచ్చు. నాలుగేళ్లకు పొడిగింపు కోరేవాళ్లు లేకపోతే రద్దవుతుంది. 2018 నుంచి చైనా మీద ఉన్నవి ఇవే. వాటిని తర్వాత పెంచుకుంటూ పోవడం కూడా చెల్లుతుందని ఫెడరల్ సర్క్యూట్ 2025 సెప్టెంబర్‌లో తేల్చింది. మన డిజిటల్ పన్ను మీద కూడా 301 విచారణ జరిగింది, 2021లో సుంకం నిర్ణయించి, అమలు ఆపి, ఒప్పందం కుదిరాక ఎత్తేశారు. జూలై తర్వాత నేను ఎక్కువగా ఎదురుచూసేది ఈ దారినే. మన దేశం పేరుతో 301 నోటీసు వస్తే మీ అసోసియేషన్ తరఫున అభిప్రాయం పంపండి. ఏ కోడ్, ఎంత విలువ, అమెరికాలో ప్రత్యామ్నాయ సరఫరా ఎందుకు లేదు అన్న మూడు సంగతులు రాసిన పేజీన్నర కాగితం సాధారణ విన్నపం కంటే ఎంతో పనికొస్తుంది.

201 కింద ఒక ఉత్పత్తి దిగుమతులు పెరిగి దేశీయ పరిశ్రమకు తీవ్ర నష్టం జరిగిందని అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ తేల్చాలి. ఉన్న రేటు మీద 50 శాతం పాయింట్లు మించకూడదు, నాలుగేళ్లు, పొడిగిస్తే ఎనిమిదేళ్లు. 1930 చట్టం 338వ సెక్షన్ ప్రకారం అమెరికా సరుకుపై వివక్ష చూపే దేశం మీద 50 శాతం దాకా వేయొచ్చు. ఇప్పటివరకు ఎవరూ దాన్ని వాడి సుంకం వేయలేదు, వాడితే కొత్త కేసులు తప్పవు.

గిండీ_ఆడిటర్

రీఫండ్ ప్రశ్నకు నా జవాబు. ఎఫ్‌ఓబీ ఆర్డర్లలో దిగుమతిదారు మీ బయ్యర్. డ్యూటీ కట్టింది వాళ్లు, రీఫండ్ పొందే హక్కూ వాళ్లదే. అమెరికా కస్టమ్స్ దగ్గర మీ పేరు ఎక్కడా ఉండదు. మీకు ఏదైనా రావాలంటే కాంట్రాక్టులోంచి, లేదా సెప్టెంబర్‌లో డిస్కౌంట్ ఇచ్చినప్పుడు రాసుకున్న ఈమెయిళ్లలోంచి రావాలి. ‘టారిఫ్ వల్ల తాత్కాలికంగా తగ్గిస్తున్నాం’ అని రాసి ఉంటే అడగడానికి బలం ఉంది. ‘కొత్త రేటు’ అని మాత్రమే ఉంటే బేరం మీద ఆధారపడాలి.

అడిగేటప్పుడు ఎంట్రీ నంబర్, తేదీ, 9903 కోడ్‌వారీగా కట్టిన మొత్తం, లిక్విడేషన్ తేదీ అడగండి. లిక్విడేషన్ అంటే ఆ ఎంట్రీ మీద డ్యూటీ లెక్కను కస్టమ్స్ ఖరారు చేయడం, మామూలుగా ఎంట్రీ తర్వాత సుమారు 314 రోజులకు జరుగుతుంది. ఖరారు కాకముందు సవరణ వేయొచ్చు, ఖరారయ్యాక 180 రోజుల్లోగా ప్రొటెస్ట్ (రాతపూర్వక అభ్యంతరం) వేయాలి. 2025 ఏప్రిల్ 10 ఎంట్రీ ఫిబ్రవరి 18 ప్రాంతంలో ఖరారై ఉంటుంది, ప్రొటెస్ట్ గడువు ఆగస్టు 17 దాకా. ఆగస్టు 27 ఎంట్రీలకు ఖరారు జూలై 7 ప్రాంతంలో. రీఫండ్ ఎలా ఇవ్వాలో సుప్రీంకోర్టు తీర్పులో చెప్పలేదు, ఆ పని కింది కోర్టుకు, కస్టమ్స్‌కు వదిలేసింది. అందుకని ఆటోమేటిక్‌గా వస్తుందని ఎవరైనా అంటే వాళ్ల మాట మీద 180 రోజులు పోగొట్టుకోకండి. వాణిజ్య న్యాయస్థానంలో నేరుగా వేసే దావాకు రెండేళ్ల గడువు.

మీ డీడీపీ ఆర్డర్ల సంగతి వేరు. అక్కడ దిగుమతిదారుగా మీ కంపెనీ పేరే ఉంటే రీఫండ్ మీదే, బయ్యర్‌కు సంబంధం లేదు. కానీ ఫిబ్రవరి 6 నుంచి అమెరికా కస్టమ్స్ చెక్కులు ఆపేసి రీఫండ్‌లన్నీ ఎలక్ట్రానిక్‌గానే ఇస్తోంది. దానికి అమెరికా బ్యాంకు ఖాతా, కస్టమ్స్ పోర్టల్‌లో మీ పేరున నమోదు కావాలి. ఈ రెండూ లేక చిక్కుకునేది మనలాంటి విదేశీ దిగుమతిదారులే. ముందు చూడాల్సింది 7501లో దిగుమతిదారు గడిలో ఎవరి నంబర్ ఉందో. కొన్ని డీడీపీ షిప్‌మెంట్లలో ఫార్వర్డర్ (సరుకు చేరవేసే ఏజెంట్) తన నంబర్ మీదే క్లియర్ చేసి మీకు బిల్లు వేస్తాడు. అలాగైతే డబ్బు ముందు అతనికి పోతుంది, ఇప్పుడే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. అమెరికా కస్టమ్స్‌కు హామీగా ఇచ్చిన మీ బాండ్ కూడా చూడండి: గడిచిన 12 నెలల డ్యూటీలో 10 శాతం లెక్కన, కనీసం 50,000 డాలర్లు. నిరుడు డ్యూటీ పెరిగి బాండ్ పెంచి ఉంటే ఇప్పుడు తగ్గించుకునే వీలుంటుంది.

వాటా ఒప్పుకుంటే వడ్డీ కూడా అడగండి. అక్కడ రీఫండ్‌తో పాటు డ్యూటీ కట్టిన తేదీ నుంచి వడ్డీ ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇక మన వైపు పుస్తకాలు. సెప్టెంబర్ నుంచి తగ్గించిన రేటుతోనే ఇన్వాయిస్ వేసి ఉంటే, ఇప్పుడు వచ్చే సొమ్ముకు పాత షిప్పింగ్ బిల్లు (ఎగుమతి కస్టమ్స్ పత్రం) నంబర్లు రాసి డెబిట్ నోట్ వేయండి. అలా కాకుండా పూర్తి రేటుకు ఇన్వాయిస్ వేసి, తర్వాత క్రెడిట్ నోట్ ఇచ్చి, బ్యాంకు అనుమతితో విలువ తగ్గించుకుని ఉంటే, అప్పుడు ఎగుమతిపై ప్రభుత్వం తిరిగిచ్చిన పన్నులు (డ్రాబ్యాక్, రోడ్‌టెప్) దామాషాలో వెనక్కి కట్టి ఉండాలి. ఆ ఎంట్రీలు బ్యాంకు సిస్టమ్‌లో మూసేసి ఉంటాయి. కొత్త డబ్బు దిగకముందే మీ బ్యాంకు ఫారెక్స్ డెస్క్‌తో మాట్లాడి ఏ పర్పస్ కోడ్ మీద తీసుకోవాలో రాయించుకోండి. దిగాక అయితే డబ్బు సస్పెన్స్ ఖాతాలో కూర్చుంటుంది.

తిరుముడివాక్కం_కాస్టింగ్స్

ఇదంతా చదువుతుంటే ఒక సందేహం. మన దగ్గర ప్రభుత్వం రాత్రికి రాత్రి డ్యూటీ పెంచితే అడిగేవాళ్లున్నారా? మేం స్క్రాప్ దిగుమతి చేసుకుంటాం కాబట్టి అడుగుతున్నా.

ట్రేడ్‌లా_అడయార్

ఉన్నారు. రాజ్యాంగం 265వ అధికరణం: చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. అయితే మన పార్లమెంటు ప్రభుత్వానికి చాలానే అప్పగించింది. అత్యవసరంగా దిగుమతి సుంకం పెంచడానికి 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టంలో 8ఏ సెక్షన్ ఉంది. ఆ నోటిఫికేషన్‌ను సభలు నడుస్తుంటే వీలైనంత త్వరగా, లేకపోతే తిరిగి కూడిన 7 రోజుల్లో పార్లమెంటు ముందు పెట్టాలి. అప్పటి నుంచి 15 రోజుల్లో ఆమోద తీర్మానం ప్రవేశపెట్టాలి. అమెరికాలో అత్యవసర పరిస్థితిని కాంగ్రెస్ రద్దు చేయాలంటే అధ్యక్షుడి వీటోను మూడింట రెండొంతుల మెజారిటీతో దాటాలి. మన పద్ధతిలో సభ అనుమతి కోరాల్సిన బాధ్యత ప్రభుత్వం మీదే ఉంది. కాగితం మీద ఇది మెరుగైన ఏర్పాటని నేను గట్టిగా నమ్ముతాను.

8ఏ వాడిన తీరుకు మంచి ఉదాహరణ పుల్వామా దాడి తర్వాత పాకిస్థాన్ సరుకు మీద వేసిన 200 శాతం. ఆ నోటిఫికేషన్ ఈ-గెజెట్‌లోకి ఎక్కింది 2019 ఫిబ్రవరి 16 రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు. అట్టారీ సరిహద్దులో అదే రోజు అంతకుముందే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి కస్టమ్స్ పత్రం) దాఖలైన సరుకు మీద కూడా కస్టమ్స్ 200 శాతం అడిగింది. జి.ఎస్. చఠా రైస్ మిల్స్ కేసులో మన సుప్రీంకోర్టు 2020లో దీన్ని ఒప్పుకోలేదు. గెజెట్‌లోకి ఎక్కిన క్షణం నుంచే పెంపు వర్తిస్తుంది, అంతకుముందు దాఖలైన ఎంట్రీలకు పాత రేటే అంది. అందుకే మీ స్క్రాప్‌కు ముందస్తు బిల్ ఆఫ్ ఎంట్రీ వేసేటప్పుడు సమర్పించిన టైమ్‌స్టాంప్ ఉన్న పేజీ దాచుకోండి. అయితే ముందస్తుగా వేసిన ఎంట్రీకి ఓడకు ఇన్‌వార్డ్ ఎంట్రీ (రేవులో సరుకు దించే అనుమతి) దొరికిన తేదీనే లెక్క. ఆ మధ్యలో రేటు పెరిగితే పెరిగిన రేటే పడుతుంది.

ప్యారీస్_సీహెచ్‌ఏ

షాఫ్ట్ గారికి ఒక చివరి సలహా. కొత్త పీఓలో (కొనుగోలు ఆర్డర్‌లో) ‘టారిఫ్ మార్పులు ఇద్దరూ సమానంగా భరించాలి’ అనే ఒక్క వాక్యం చాలదు. మీ ఇన్వాయిస్ లైన్‌లో ఇప్పుడు రెండు రకాల సుంకాలు ఉన్నాయి. 232 ఎప్పటికి పోతుందో చెప్పలేం, 122కు గడువు జూలైలో ఉంది. అందుకని క్లాజులో చట్టం సెక్షన్ పేరు, 9903 కోడ్, ఈరోజు రేటు విడివిడిగా రాయండి. ఏ సెక్షన్ సుంకం రద్దయినా, గడువు తీరినా, ఆ తేదీ తర్వాత అమెరికాలో వేసిన ఎంట్రీలకు డిస్కౌంట్ దానంతటదే ఆగిపోవాలని రాయండి. షిప్పింగ్ బిల్లు తేదీ పెట్టకండి. చెన్నైలో ఎక్కిన కంటైనర్ న్యూయార్క్ వైపు చేరేసరికి నెల పైనే అవుతుంది, డ్యూటీ పడేది అక్కడి ఎంట్రీ తేదీ రేటుకే. జూన్ మధ్యలో ఎక్కిన సరుకు గడువు తర్వాత దిగితే ఆ 10 శాతం ఉండదు. క్లాజులో షిప్పింగ్ తేదీ ఉంటే మీరు మాత్రం డిస్కౌంట్ ఇచ్చేసి ఉంటారు.

అంబత్తూరు_షాఫ్ట్

మా పీఓల్లో ఉన్నది షిప్పింగ్ తేదీయే. ఈ వారంలోనే మార్పించే ప్రయత్నం చేస్తాను. డీడీపీ షిప్‌మెంట్ల 7501లు ఫార్వర్డర్‌ను అడిగాను. దిగుమతిదారు గడిలో ఎవరి నంబర్ ఉందో చూసి ఇక్కడే రాస్తాను.